సగం సీజన్, ఆగిన జీతాలు: 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఏం జరిగింది

పోయిన ఎపిసోడ్‌లో ఇండియన్ సూపర్ లీగ్ గురించి మాట్లాడుకుంటుంటే ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, 2022లో కప్పు కొట్టిన హైదరాబాద్ టీమ్, రెండేళ్లు తిరగకముందే సగం సీజన్ అయిపోయినా ఒక్క మ్యాచ్ గెలవలేదు. అంత దమ్ము లేకుండా పోయిందా పోరగాళ్లకు?" అని. అప్పటికే టైమ్ అయిపోవడంతో రెండు ముక్కలు చెప్పి వదిలేశాం. కానీ అది రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

నా జవాబు ముందే చెప్పేస్తా. ఆ జట్టు మైదానంలో ఓడిపోవడానికి ముందే జీతాల రిజిస్టర్‌లో ఓడిపోయింది. పాయింట్ల పట్టిక ఆ సంగతిని కొన్ని నెలలు ఆలస్యంగా చూపించింది, అంతే. సైట్‌లో పని చేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఫుట్‌బాల్ చూసేవాళ్లలో చాలామందికి ఎందుకో అర్థం కాదు.

ముందు లెక్క చూద్దాం. 2023-24లో ఐఎస్ఎల్‌లో 12 జట్లు ఉన్నాయి. ఐ-లీగ్ గెలిచి పంజాబ్ ఎఫ్‌సీ కొత్తగా పైకి రావడంతో ఆ సంఖ్య 12 అయింది. ప్రతి జట్టూ మిగతా 11 జట్లతో సొంతూళ్లో ఒకటి, బయట ఒకటి ఆడాలి. మొత్తం 22 మ్యాచ్‌లు. మొదటి ఆరు స్థానాల్లో ఉన్నవాళ్లు ప్లేఆఫ్‌కి పోతారు. సెప్టెంబర్‌లో మొదలైన లీగ్ డిసెంబర్ ఆఖరున ఆగింది, ఎందుకంటే జనవరిలో ఆసియా కప్ ఉంది. అప్పటికి సగం మ్యాచ్‌లు పూర్తయ్యాయి. హైదరాబాద్ అట్టడుగున ఉంది. గెలుపుల దగ్గర సున్నా. ఉన్న నాలుగు చిల్లర పాయింట్లు డ్రాలతో వచ్చినవే.

ఇంత కింద ఉన్న జట్టుని చూస్తే ఎవరికైనా వచ్చే మాట "వీళ్లకు ఆట రాదు" అనే. కానీ ఈ క్లబ్ అంతకు ముందు నాలుగేళ్లు ఎట్లా నడిచిందో చూడండి.

2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఆ స్థానంలో వచ్చింది హైదరాబాద్ ఎఫ్‌సీ. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. మొదటి సీజన్ ఘోరం: 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు, పది జట్లలో పదో స్థానం. అది సహజం, సీజన్‌కి కొద్ది వారాల ముందు పుట్టిన జట్టు. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. పెద్ద పేర్ల వెంట పడకుండా ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్, నిఖిల్ పూజారి లాంటి కుర్రాళ్లను నమ్ముకున్నాడు. 2020-21లో 29 పాయింట్లు, ఐదో స్థానం. 2021-22లో 38 పాయింట్లు, రెండో స్థానం. పైగా కప్పు. 2022-23లో 42 పాయింట్లు, మళ్లీ రెండో స్థానం.

ఆ కప్పు ఫైనల్ చూసినవాళ్లు మర్చిపోరు. 2022 మార్చి 20, గోవాలోని ఫతోర్దా స్టేడియం, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టేడియం అంతా పసుపు రంగే. మన రూముల్లో కూడా మలయాళీ సోదరులదే గోల. వాళ్లు ముందు గోల్ కొట్టారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి ఒక్కటి బాదాడు, 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనది. ఆ ఏడాది బార్తొలొమ్యూ ఒగ్బెచే 18 గోల్స్‌తో లీగ్ మొత్తంలో ఫస్ట్.

10, 29, 38, 42. ఇది పైకి పోయే గ్రాఫ్. తర్వాతి సంఖ్య 8. 2023-24 సీజన్ పూర్తయ్యేసరికి 22 మ్యాచ్‌ల్లో వచ్చిన పాయింట్లు ఎనిమిది. నలభై రెండు నుంచి ఎనిమిదికి పడిపోవడం ఆటలో లోపంతో జరగదు. మన లైన్‌లో చెప్పాలంటే, నాలుగో స్లాబ్ దాకా షెడ్యూల్ ప్రకారం లేచిన బిల్డింగ్ ఐదో స్లాబ్‌కి ఒక్కసారిగా ఆగిపోతే మేస్త్రీకి పని మర్చిపోయిందని ఎవడూ అనడు. "పేమెంట్ ఆగిందా?" అనే అడుగుతారు.

అదే జరిగింది. 2023 వేసవికే సంకేతాలు కనిపించాయి. మనోలో మార్కెజ్ గోవాకి పోయాడు. ఒగ్బెచే పోయాడు. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి, హాలిచరణ్ నర్జారీ బెంగళూరుకి, బోర్హా హెరేరా, హావియెర్ సివేరియో ఈస్ట్ బెంగాల్‌కి. ఒక సీజన్‌లో ఇద్దరు ముగ్గురు పోవడం మామూలే. కోచ్‌తో సహా వెన్నెముక అంతా పోతే మాత్రం లోపల ఏదో ఉందని అనుకోవాలి. సీజన్ మొదలయ్యాక బయటికొచ్చింది: ఆటగాళ్లకు, సిబ్బందికి నెలల తరబడి జీతాలు రావట్లేదని. పాత ఆటగాళ్ల బాకీల కేసుల్లో ఫిఫా క్లబ్ మీద ట్రాన్స్‌ఫర్ బ్యాన్ వేసింది.

ఈ ట్రాన్స్‌ఫర్ బ్యాన్ అనే మాట పేపర్లో తరచూ వస్తుంది గానీ ఎట్లా పని చేస్తుందో ఎవరూ చెప్పరు. కొంచెం ఓపిక పట్టండి, మొత్తం కథకు తాళం ఇక్కడే ఉంది.

ఆటగాడికి ఇవ్వాల్సిన డబ్బు గడువు దాటి 30 రోజులు అయినా క్లబ్ కట్టలేదనుకోండి, సరైన కారణం కూడా చూపలేదనుకోండి. ఆటగాడు ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, కనీసం 10 రోజులు గడువు ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే కేసు. విదేశీ ఆటగాడైతే ఫిఫాకి, మన దేశపు ఆటగాడు మన దేశపు క్లబ్ మీద అయితే భారత ఫుట్‌బాల్ సమాఖ్యలోని ప్లేయర్ స్టేటస్ కమిటీకి. తీర్పు వచ్చాక కూడా కట్టకపోతే, కట్టేదాకా క్లబ్ కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకోవడం నిషేధం. ఉన్నవాళ్లు ఆడొచ్చు. ఉన్నవాళ్లు వెళ్లిపోవచ్చు. కొత్తవాళ్లు రాకూడదు. సైట్ గేటు దగ్గర సెక్యూరిటీ కొత్త గేట్ పాస్‌లు ఇవ్వడం ఆపేసినట్టన్నమాట. బయటికి పోయేవాళ్లను ఆపడు, లోపలికి వచ్చేవాళ్లను రానివ్వడు.

ఇక రెండో నిబంధన. 2018లో ఫిఫా తెచ్చింది. రెండు నెలల జీతం బాకీ పడితే, ఆటగాడు నోటీసు ఇచ్చి 15 రోజులు ఆగి, అప్పటికీ రాకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకుని ఫ్రీగా వేరే జట్టుకి పోవచ్చు. తప్పు అతనిది కాదు, క్లబ్‌ది అని లెక్క. మిగిలిన కాలానికి పరిహారం కూడా అడగొచ్చు.

ఈ రెండు నిబంధనలనూ పక్కపక్కన పెట్టి, మధ్యలో జనవరి నెలను పెట్టండి. జనవరి అంటే ట్రాన్స్‌ఫర్ల కిటికీ తెరిచే నెల. ఆరోగ్యంగా ఉన్న జట్టు సగం సీజన్‌కి తన లోపం ఏంటో చూసుకుని, జనవరిలో ఒక స్ట్రైకర్‌నో డిఫెండర్‌నో తెచ్చుకుని, రెండో సగానికి రెడీ అవుతుంది. జీతాలు కట్టని జట్టుకి అదే జనవరి తిరగబడుతుంది. పోయేవాళ్లు పోతారు, వచ్చేవాళ్లు రాలేరు. అందుకే సగం సీజన్ దగ్గర అడుగున ఉన్న రెండు జట్లను ఒకే కళ్లతో చూడకూడదు అంటా నేను. ఒకటి రిపేర్ చేసుకోగల జట్టు. రెండోదాని చేతిలో పాన కూడా లేదు.

హైదరాబాద్‌కి ఆ జనవరిలో అదే జరిగింది. కోస్టారికా స్ట్రైకర్ జొనాథన్ మోయా, మెక్సికో డిఫెండర్ ఒస్వాల్డో అలానిస్, ఫిన్లాండ్ నుంచి వచ్చిన పెట్టెరి పెన్నానెన్, ఆస్ట్రేలియా జో నోల్స్ వెళ్లిపోయారు. చింగ్లెన్‌సనా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరుకి, యాసిర్ గోవాకి. లీగ్‌లో ఒక్కో జట్టు ఒకేసారి నలుగురు విదేశీయులను దింపుతుంది. వాళ్లే సాధారణంగా స్ట్రైకర్, మిడ్‌ఫీల్డ్, వెనక గోడ. హైదరాబాద్‌కి చివరికి మిగిలింది బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జొవావ్ విక్టర్. 2020 నుంచి ఉన్నవాడు.

సరిగ్గా ఆ నెలలోనే ఆసియా కప్ మా దోహాలో జరిగింది. జనవరి 13న అహ్మద్ బిన్ అలీ స్టేడియంలో ఇండియా, ఆస్ట్రేలియా మ్యాచ్. మా క్యాంప్ నుంచి బస్సు నిండా పోయాం. ముప్పై వేలకు పైగా జనం, ఎక్కువ మన దేశపు వాళ్లే, నీలం రంగుతో నిండిపోయింది. 0-2తో ఓడిపోయాం, సగం దాకా మాత్రం బాగా నిలబడ్డాం. ఆ రోజు రైట్ బ్యాక్‌గా ఆడింది నిఖిల్ పూజారి. టీమ్ షీట్‌లో అతని పేరు ఎదురుగా క్లబ్ హైదరాబాద్ అనే ఉంది. పక్కన కూర్చున్న బెంగాలీ ఫోర్‌మన్ అడిగాడు, "మీ హైదరాబాద్ వాడు జీతం లేకుండా ఆడుతున్నాడంట కదా?" అని. నేనేం చెప్పను? మన దగ్గర ఆ మాట కొత్తా?

ఇక్కడ సైట్ అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే పట్టికను ఎట్లా చదవాలో నేను నేర్చుకున్నది దాని దగ్గరే. చాలా ఏళ్ల కింద నేను పని చేసిన ఒక సబ్ కాంట్రాక్ట్ కంపెనీలో జీతాలు ఆగాయి. మొదటి నెల పనిలో తేడా లేదు. అందరూ "వస్తాయిలే" అన్నారు. రెండో నెల సిక్ లీవులు పెరిగాయి. పని మాత్రం నడిచింది, వేగం తగ్గింది. మూడో నెలలో మనుషులు పోవడం మొదలైంది. ముందు పోయింది ఎవరనుకుంటున్నారు? సోమరిపోతులు కాదు. మంచి షట్టరింగ్ కార్పెంటర్లు, మంచి స్టీల్ ఫిక్సర్లు. వాళ్లకు బయట పని దొరుకుతుంది కాబట్టి. మిగిలింది ఎవరు? కొత్తగా వచ్చిన పిల్లలు, ఎక్కడికీ పోలేనివాళ్లు, ఇంకా నమ్మకం పెట్టుకున్న ఒకరిద్దరు పెద్దవాళ్లు. నాలుగో నెల ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో "లేబర్ ఉత్పాదకత తక్కువ" అని రాశారు. ఆ పిల్లల పేరు మీద. ఆ రిపోర్ట్‌లో జీతం అనే మాటే లేదు.

పాయింట్ల పట్టిక కూడా అట్లాంటి రిపోర్టే. గెలుపు, డ్రా, ఓటమి, గోల్స్ అన్నీ ఉంటాయి. ఆ నెల జీతం పడిందా లేదా అనే గడి ఉండదు.

గడి లేకపోయినా, చూసే కళ్లకు కొన్ని ఆనవాళ్లు కనిపిస్తాయి. హైదరాబాద్ మొదటి సగంలో ఓడిన మ్యాచ్‌లు చాలా ఒక గోల్ తేడాతో ఓడినవి. సీజన్ మొదటి మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో 1-2. కేరళ చేతిలో 0-1. బెంగళూరుతో 1-1 డ్రా. చేతులెత్తేసిన జట్టు ఇట్లా ఆడదు. ముగింపు వేసేవాడు లేని జట్టు ఇట్లా ఆడుతుంది. జనవరిలో భువనేశ్వర్‌లో సూపర్ కప్ జరిగింది. అక్కడ దాదాపు అంతా కుర్రాళ్లతో దిగి, ఈస్ట్ బెంగాల్‌తో 2-3తో ఓడారు. చివరికి ఆ కప్పు గెలిచింది ఈస్ట్ బెంగాలే. మోహన్ బగాన్ మీద ఆఖరి నిమిషాల దాకా 1-0 ఆధిక్యంలో ఉండి 1-2తో ఓడారు. మన ఊరి ఇంకో జట్టు శ్రీనిధి దక్కన్ చేతిలో కూడా ఓడారు, అది మాత్రం పెద్ద తేడాతో. మూడింటికి మూడు ఓటములే, పట్టికలో సున్నా. కానీ మొదటి రెండూ చూసినవాళ్లు "దమ్ము లేదు" అనే మాట అనలేరు.

కోచ్ థాంగ్‌బోయ్ సింగ్‌టో గురించి ఒక మాట. మణిపూర్ మనిషి. అంతకు ముందు మనోలో దగ్గర అసిస్టెంట్‌గా ఉన్నాడు. ఆ సీజన్‌లో అతని రికార్డ్ చూస్తే ఏ క్లబ్బూ పిలవదు అనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం మనుషులు లేని సైట్‌ని మూయకుండా నడిపించినవాడు అతను. రిజర్వ్ టీమ్ పిల్లలతో ప్రతి వారం పదకొండు మందిని తయారు చేసి, దేశంలో అతి ఖరీదైన జట్ల ముందు నిలబెట్టాడు. ఒక్క మ్యాచ్‌కీ జట్టు రాలేదు అనే మాట రానివ్వలేదు. సూపర్‌వైజర్‌గా నాకు ఆ పని విలువ తెలుసు.

ఇప్పుడు చట్టం సంగతి, ఎందుకంటే మన శ్రోతల్లో సగం మందికి ఫుట్‌బాల్ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది. రెండు నెలలు జీతం రాకపోతే కాంట్రాక్ట్ తెంచుకుని పోయే హక్కు ఆటగాడికి ఫిఫా ఇచ్చింది. మనకు? ఖతర్‌లో 2015 నుంచి జీతాలు బ్యాంక్ ద్వారానే పడాలి, గడువు తేదీ దాటి ఏడు రోజుల్లోపు పడకపోతే కంపెనీ మీద చర్య తీసుకునే వ్యవస్థ ఉంది. ఎమిరేట్స్‌లో 2009 నుంచే ఇట్లాంటిది మొదలైంది. 2018లో ఖతర్‌లో కార్మిక వివాదాల కమిటీలు వచ్చాయి, బాకీ పడ్డ కార్మికుల కోసం ఒక నిధిని కూడా చట్టంలో పెట్టారు. 2020లో ఎన్ఓసీ లేకుండా కంపెనీ మారే వీలు కల్పించారు. కాగితం మీద చూస్తే మనమూ ఆటగాళ్లకు దగ్గరగానే వచ్చాం. తేడా ఎక్కడంటే, ఆటగాడి వెనక ఏజెంట్ ఉంటాడు, లాయర్ ఉంటాడు, పోయిన మర్నాడే ఇంకో క్లబ్ ఉంటుంది. మన వెనక ఊళ్లో వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటుంది. కంప్లెయింట్ ఇచ్చే మొదటి మనిషి ఎవరు అనే దగ్గరే క్యాంప్ అంతా ఆగిపోతుంది.

ఆటగాళ్లకు కూడా ఎప్పుడూ ఇట్లా లేదు. జహీర్ బెలూనిస్ అనే ఫ్రెంచ్ ఆటగాడి పేరు పాతవాళ్లకు గుర్తుండొచ్చు. ఇక్కడ ఎల్ జైష్ క్లబ్‌తో జీతాల గొడవ పడ్డాడు. ఎగ్జిట్ పర్మిట్ రాక భార్యా పిల్లలతో దోహాలోనే ఇరుక్కుపోయాడు. 2013 నవంబర్‌లో గానీ బయటపడలేదు. మనకు వర్తించిన కఫాలా చట్టమే అతనికీ వర్తించింది. అప్పట్లో మా రూములో "చూడు, బాల్ ఆడేవాడికీ మనలాగే అయింది" అని అనుకున్నాం. చాలామంది కార్మికులకు ఆ ఎగ్జిట్ పర్మిట్ 2018లో పోయింది.

కాబట్టి జనవరిలో హైదరాబాద్‌ని వదిలి పోయినవాళ్లను "ద్రోహులు" అని కామెంట్లు పెట్టినవాళ్లతో నాకు పేచీ ఉంది. జీతం ఇవ్వని కంపెనీ నుంచి వేరే కంపెనీకి మారిన మేస్త్రీని మనం ద్రోహి అంటామా? వాళ్లు వాడుకున్నది నిబంధన ఇచ్చిన హక్కు. పోనివాళ్లను "చేతకానివాళ్లు" అనడం ఇంకా అన్యాయం.

ఇట్లాంటిది ఒక్క మన దగ్గరే జరిగిందా అంటే కాదు. ఇటలీలో పార్మా అనే పేరున్న క్లబ్ ఉంది. 2014-15లో ఆ జట్టు ఆటగాళ్లకు నెలల తరబడి జీతాలు లేవు. క్లబ్ ఒక్క యూరోకి చేతులు మారింది. 2015 ఫిబ్రవరిలో స్టేడియం సెక్యూరిటీకి కట్టడానికి డబ్బు లేక సొంత మైదానంలో మ్యాచ్ వాయిదా పడింది. మార్చిలో దివాలా ప్రకటించారు. పాయింట్లు కూడా కోత పడ్డాయి. అదే జట్టు ఏప్రిల్‌లో యువెంటస్‌ని 1-0తో ఓడించింది. ఆ ఏడాది ఇటలీ ఛాంపియన్ యువెంటస్, యూరప్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా పోయిన జట్టు. పార్మా మాత్రం చివరి స్థానంలోనే ముగించింది. తర్వాత నాలుగో డివిజన్ నుంచి కొత్తగా మొదలుపెట్టి, వరసగా మూడేళ్లు పైకెక్కి 2018లో మళ్లీ మొదటి డివిజన్‌కి వచ్చింది.

పార్మాకి ఉన్నది, హైదరాబాద్‌కి లేనిది ఒకటి ఉంది: కిందికి పడే మెట్లు. అప్పుడు ఐఎస్ఎల్‌లో అడుగున ముగించిన జట్టు కింది డివిజన్‌కి పోవడం అనేది లేదు. పడే భయం లేదు కదా, మంచిదే అనిపిస్తుంది. కానీ కింది మెట్టు ఉంటేనే జనం ఆ జట్టును ఎత్తుకుని కింది నుంచి మళ్లీ మొదలుపెట్టగలరు. పార్మాలో ఊరు నిలబడింది. మన దగ్గర లైసెన్స్ యజమాని చేతిలో ఉంటుంది. యజమాని అలసిపోతే క్లబ్ అమ్మకానికి పోతుంది, ఊరుతో సంబంధం లేకుండా.

రెండో సగం సంగతి చెప్పి ముగిస్తా. ఫిబ్రవరి అంతా ఓటములే. మార్చిలో చెన్నై పోయి చెన్నైయిన్ ఎఫ్‌సీని 1-0తో ఓడించారు. సీజన్‌లో మొదటి గెలుపు, చివరి గెలుపు కూడా అదే. ఒక గెలుపు, ఐదు డ్రాలు, పదహారు ఓటములు. పట్టికలో పైన మోహన్ బగాన్ 48 పాయింట్లతో, కింద మనం 8తో. ఆ చెన్నై మ్యాచ్ నేను ఫోన్‌లో చూశా. ఫైనల్ విజిల్ తర్వాత ఆ పిల్లలు గంతులేస్తుంటే కప్పు గెలిచినట్టే ఉంది. పట్టికలో అది మూడు పాయింట్లు. అంతకంటే ఎక్కువ రాసే గడి అందులో లేదు.

2024లో క్లబ్ చేతులు మారింది, బీసీ జిందాల్ గ్రూప్ తీసుకుంది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మారింది. అంటే ఇప్పుడు ఆ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో జట్టు లేదు.

ఇది మామూలు ఊరైతే పోనీ అనుకోవచ్చు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇండియాకి బంగారు పతకాలు తెచ్చిన, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకుపోయిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా ఆయన గురించే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం దేశానికి ఆడాడు. అంతటి ఊరికి 2019లో మళ్లీ పెద్ద లీగ్ జట్టు దొరికింది, ఆరేళ్లలో పోయింది. పోయిన దారి మొదలైంది ఆ సగం సీజన్ దగ్గరే అని నా లెక్క.

ఇక మీద ఏ జట్టు సగం సీజన్ పట్టిక చూసినా నేను ముందు అడిగేది జనవరిలో ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అనే. పోయినవాళ్లు డబ్బుకి అమ్ముడుపోయారా, కాంట్రాక్ట్ తెంచుకుని ఫ్రీగా పోయారా? అమ్ముడుపోతే క్లబ్‌కి పైసలు వచ్చినట్టు. ఒకేసారి ముగ్గురు నలుగురు ఫ్రీగా పోయి, వాళ్ల జాగాలో ఎవరూ రాకపోతే, ఓటములకు కారణం డ్రెస్సింగ్ రూమ్‌లో వెతక్కండి. అకౌంట్స్ సెక్షన్‌లో వెతకండి.

వాయిస్ మెసేజ్ పెట్టిన తమ్ముడు చివర్లో ఇంకోటి కూడా అడిగాడు: "ఇప్పుడు మనం ఏ టీమ్‌కి సపోర్ట్ చేయాలి అన్నా?" అని. నా సంగతి చెప్తా. యాసిర్ ఏ జట్టులో ఉంటే ఆ జట్టు మ్యాచ్ చూస్తా, సనా ఉన్న మ్యాచ్ చూస్తా. ఢిల్లీ జట్టు మ్యాచ్ వస్తే మా కేరళ రూమ్‌మేట్ రిమోట్ నా చేతికిచ్చి "మీ పాత టీమే కదా" అంటాడు. ఇప్పటిదాకా పెట్టలేదు.